1971 పికప్‌లో ఇంజన్ మార్పిడి: డ్రైవ్‌షాఫ్ట్ ఒక ముక్కా, రెండు ముక్కలా?

ఈ బండి నా దగ్గరికి వచ్చేసరికే దానికి ఒకసారి కొత్త టైర్లు, రెండుసార్లు వీల్ బ్యాలెన్సింగ్, ఒకసారి డ్రైవ్‌షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి తిప్పుడు అందించే పొడుగాటి గొట్టం) బ్యాలెన్సింగ్ అయిపోయాయి. అదురు మాత్రం పోలేదు.

బండి 1971 షెవర్లే సి10, లాంగ్ బెడ్, 127 అంగుళాల వీల్‌బేస్. పాత ఇంజన్‌నీ, దాని వెనకున్న మూడు గేర్ల టర్బో 350 ఆటోమేటిక్‌నీ దించేసి, 5.3 లీటర్ల ఎల్‌ఎస్ కుటుంబం వీ8, నాలుగు గేర్ల 4ఎల్60ఈ ఆటోమేటిక్ ఎక్కించారు. చూపు కోసం వెనక వైపు 4 అంగుళాలు కిందికి దించారు. ఇదంతా వేరే వర్క్‌షాప్‌లో జరిగింది. వైరింగు, కూలింగు, పెట్రోల్ లైన్లు చూస్తే వంక పెట్టడానికి లేదు. గంటకు 100 కిలోమీటర్లు దాటగానే సీటు కింద జుమ్మని మొదలయ్యేది. 106 దగ్గరికొచ్చేసరికి అద్దంలో వెనక బండి రెండుగా కనిపించేది. విచిత్రంగా 120కి కాస్త తగ్గేది.

“ఇంజన్ మౌంట్లేమో చూడన్నా” అన్నాడు ఓనరు. అప్పటికే కొత్త మౌంట్లు ఆర్డర్ పెట్టేశాడట. ఆగమన్నాను.

ముందు ఖర్చులేని పరీక్షలు రెండు. బండిని 115కి తీసుకెళ్ళి, న్యూట్రల్‌లో వేసి, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా దొర్లనిచ్చాను. 106 దగ్గర అదే అదురు, అంతే గట్టిగా. తర్వాత అదే వేగంలో ఓవర్‌డ్రైవ్ (షాఫ్ట్ కన్నా ఇంజన్ తక్కువ తిరిగే నాలుగో గేరు) తీసేసి మూడో గేర్లో నడిపాను. ఇంజన్ 2070 నుంచి 2950కి ఎగిరింది, అదురు మాత్రం కదల్లేదు. అంటే ఇంజన్‌కీ, దాన్ని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి కలిపే టార్క్ కన్వర్టర్‌కీ సంబంధం లేదు. గేర్‌బాక్స్ తోక (వెనక కొస) నుంచి వెనకున్నదే ఏదో చేస్తోంది.

మూడో పరీక్షకు సెంటర్ క్రాస్‌మెంబర్ (ఛాసిస్ మధ్యలోని అడ్డ దూలం) మీద చిన్న వైబ్రేషన్ సెన్సర్ అతికించాను. లెక్క తెలిస్తే ఈ పరీక్ష చాలా మాట్లాడుతుంది. టైరు ఎత్తు 28 అంగుళాలు, క్రౌన్ పినియన్ రేషియో (చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ ఎన్ని చుట్లో) 3.73. గంటకు 106 కిలోమీటర్ల వద్ద చక్రం నిమిషానికి సుమారు 790 చుట్లు, అంటే సెకనుకు 13. డ్రైవ్‌షాఫ్ట్ నిమిషానికి 2950, సెకనుకు 49. ఓవర్‌డ్రైవ్‌లో ఇంజన్ సెకనుకు 34 చుట్లు. టైరో రిమ్మో అయితే 13 హెర్ట్జ్ దగ్గర గీత లేవాలి. షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పినా, ట్యూబు వంగినా 49 దగ్గర లేవాలి. ఇక్కడ లేచింది 98 దగ్గర. షాఫ్ట్ ఒక చుట్టుకు రెండుసార్లు. 49 దగ్గర ఉన్నది చిన్న మొలక మాత్రమే.

చుట్టుకు రెండు అంటే చూపు నేరుగా క్రాసుల మీదికి, అంటే షాఫ్ట్ కొసల్లోని యూనివర్సల్ జాయింట్ల మీదికి పోవాలి. యూనివర్సల్ జాయింట్ వంగి తిరిగేటప్పుడు, లోపలికి వచ్చే వేగం నిలకడగా ఉన్నా బయటికి పోయే వేగం నిలకడగా ఉండదు. ప్రతి చుట్టులో రెండుసార్లు ముందుకు ఉరికి, రెండుసార్లు వెనకబడుతుంది. 3 డిగ్రీల వంపుకి ఆ తేడా 0.14 శాతం అటూ ఇటూ, 10 డిగ్రీలకి ఒకటిన్నర శాతం. వెనక జాయింట్ కూడా అంతే కోణంలో, సరైన వరసలో ఉంటే ముందు జాయింట్ చేసిన అల్లరిని ఇది మాపేస్తుంది. రెండు కోణాలూ సమానం కాకపోతే మిగిలిన అల్లరంతా వెనక ఇరుసు హౌసింగ్‌కీ, గేర్‌బాక్స్‌కీ, చివరికి సీటుకీ చేరుతుంది. అందుకే ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేయించినా ఫలితం లేదు. అసలు బ్యాలెన్స్ చెడనే లేదు.

బండిని నాలుగు చక్రాల మీద, సమతలంగా, ట్యాంకు సగం నింపి నిలబెట్టి కోణాలు తీశాను. లిఫ్ట్ మీద హౌసింగ్ వేలాడుతుండగా తీసిన కొలత ఎందుకూ పనికిరాదు. వెనక వైపు కిందికి వాలితే ప్లస్ అనుకుందాం. గేర్‌బాక్స్ 4.5 డిగ్రీలు, షాఫ్ట్ 1.0, పినియన్ (హౌసింగ్‌లో షాఫ్ట్ తిప్పే గేరు) 0.2. అంటే ముందు క్రాస్ 3.5 డిగ్రీల్లో పనిచేస్తోంది, వెనక క్రాస్ 0.8లో. నిమిషానికి మూడు వేల చుట్ల దగ్గర తిరిగే షాఫ్ట్‌కి ఒక్కో జాయింట్ 3 డిగ్రీలు మించకూడదనీ, రెండింటి తేడా ఒక డిగ్రీ లోపు ఉండాలనీ మేం పాటించే లెక్క. ఇక్కడ రెండూ తప్పాయి.

ఎందుకలా అయింది? 4ఎల్60ఈ పొడవు సుమారు 30¾ అంగుళాలు, చిన్న తోక టర్బో 350 కన్నా 3 అంగుళాలు ఎక్కువ. గేర్‌బాక్స్ మౌంటు కూడా రెండంగుళాల పైచిలుకు వెనక్కి పోతుంది. కొత్త చోటికి క్రాస్‌మెంబర్ జరిపినప్పుడు ఎత్తు చూసుకోకుండా బిగించేశారు, తోక జారింది. ఇక ఈ సి10కి వెనక కమాను కట్టలు కావు, కాయిల్ స్ప్రింగులూ పొడుగాటి ట్రెయిలింగ్ ఆర్ములూ. ఆర్ముల ముందు కొస ఛాసిస్ మీద కీలులా ఊగుతుంది, హౌసింగ్ ఆ ఆర్ములకు బిగించి ఉంటుంది. బండిని దించితే ఆర్ముల ముందు కొస కిందికి వస్తుంది, దాంతో పినియన్ ముక్కు కూడా కిందికి వంగుతుంది. 4 అంగుళాలు దించి పినియన్ కోణం సరిచేయకపోతే ఇదే జరుగుతుంది.

ఇంతవరకు మామూలు కేసే. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది షాఫ్ట్.

ఈ లాంగ్ బెడ్‌కి ఫ్యాక్టరీలో వచ్చింది రెండు ముక్కల షాఫ్ట్, మధ్యలో దాన్ని పట్టి ఉంచే సెంటర్ బేరింగ్. పాత వర్క్‌షాప్ దాన్ని తీసి పారేసి, 3.5 అంగుళాల స్టీల్ ట్యూబుతో ఒకే ముక్క చేసిచ్చింది. “సెంటర్ బేరింగ్ అంటే ఎప్పటికైనా పోయేదే, సింగిల్ పీస్ అయితే టెన్షన్ ఉండదు” అని చెప్పారట. ఆ మాట పూర్తిగా తప్పని అనను. షార్ట్ బెడ్‌కి నేనూ అదే వేస్తాను. కానీ ఇక్కడ క్రాస్ నుంచి క్రాస్‌కి పొడవు 1575 మిల్లీమీటర్లు.

పొడుగాటి ట్యూబు తిరిగేటప్పుడు స్కిప్పింగ్ తాడులా మధ్యలో బయటికి ఉబ్బడానికి చూస్తుంది. ఒక వేగం దగ్గర ఆ ఉబ్బు దాని సొంత కంపనంతో కలుస్తుంది. అదే క్రిటికల్ స్పీడ్. స్టీల్ ట్యూబుకి లెక్క ఇలా వేయొచ్చు: బయటి వ్యాసం వర్గం, లోపలి వ్యాసం వర్గం కూడి, వర్గమూలం తీసి, 11.9 కోట్లతో గుణించి, పొడవు వర్గంతో భాగించాలి. కొలతలన్నీ మిల్లీమీటర్లలో, జవాబు నిమిషానికి చుట్లలో. 2.1 మిల్లీమీటర్ల గోడ మందంతో 3 అంగుళాల ట్యూబుకి సుమారు 5000, 3.5కి 5900, 4 అంగుళాలకి 6750 వస్తుంది. కొసలు రెండూ గట్టిగా నిలిచి ఉన్నాయనుకుని వేసిన లెక్క ఇది. బండిలో గేర్‌బాక్స్ తోక, రబ్బరు మౌంట్లు, యోక్‌లు (క్రాస్‌ని పట్టుకునే చీలిక ముక్కలు) అన్నీ కాస్త ఊగుతాయి కాబట్టి నిజంగా వచ్చేది ఇంకా తక్కువ. అందుకే ఈ అంకెలో 75 శాతం దాటి ఎవరూ తిప్పరు. 3.5 ట్యూబుకి ఆ హద్దు 4400. ఈ బండి 130 వేగంలో వెళ్ళినా షాఫ్ట్ 3620 మాత్రమే. పాస్.

అక్కడే చాలామంది ఆగిపోతారు. నేనూ కొన్నేళ్ళు అక్కడే ఆగాను.

ఇప్పుడు 5900ని రెండుతో భాగించండి. 2950. అసలు అంకె కాస్త తక్కువే అయినా, అదురు శిఖరానికి చేరే చోటుకి దగ్గరే. షాఫ్ట్ 2950 తిరిగేటప్పుడు క్రాసులు చుట్టుకు రెండుసార్లు తోస్తాయి, అంటే నిమిషానికి 5900 తోపులు, ట్యూబు సొంత కంపనం దగ్గరే. ఊయలని సరైన లయలో తోసినట్టు. దీన్ని హాఫ్ క్రిటికల్ అంటాం. క్రాస్ కోణాలు కుదిరి ఉంటే తోపు బలహీనంగా ఉంటుంది కాబట్టి బండి దాన్ని దాటిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఇక్కడ కోణాలూ తప్పాయి, ఆ వేగం హైవేలో రోజంతా నడిపే వేగం కూడా అయింది. 120 దగ్గర ఎందుకు తగ్గిందో కూడా దీంతో తేలిపోయింది.

ఓనరు ఒక ప్రశ్న వేశాడు, మంచి ప్రశ్న. “హైవేలో ఇంజన్ 2100 మీదే ఉంటుంది కదన్నా, షాఫ్ట్‌కి అంత స్పీడెక్కడిది?” ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్ ఎక్కించిన ప్రతి ఒక్కరూ పడే పొరపాటు ఇదే. ఓవర్‌డ్రైవ్ తగ్గించేది ఇంజన్ చుట్లని. షాఫ్ట్ ఉన్నది గేర్‌బాక్స్‌కి వెనక. దాని వేగాన్ని తేల్చేది రోడ్డు మీద వేగం, టైరు ఎత్తు, క్రౌన్ రేషియో, ఈ మూడే. 0.70 గేర్లో షాఫ్ట్ ఇంజన్ కన్నా 1.43 రెట్లు ఎక్కువ తిరుగుతుంది. టర్బో 350 రోజుల్లో టాప్ గేర్ ఒకటికి ఒకటి, మూడు వేలు దాటితే ఇంజన్ అరుపుకే డ్రైవరు కాలు తీసేవాడు. ఇప్పుడు క్యాబిన్ నిశ్శబ్దంగా ఉంది కాబట్టి 115, 120లో గంటలు గంటలు పోతున్నాడు. పాత షాఫ్ట్ ఎప్పుడూ చూడని వేగంలో కొత్త షాఫ్ట్ కాపురం చేస్తోంది. పైగా ఆయనకు 4.10 క్రౌన్ వేయాలని కోరిక. అది వేస్తే 130 దగ్గర షాఫ్ట్ దాదాపు 3980. ఆ కోరిక వాయిదా వేయించాను.

సరే, ఉన్న షాఫ్ట్‌తోనే కోణాలు సరిచేస్తే? అదే ముందు చేశాను. చవకైన మందు ముందు వాడాలి. గేర్‌బాక్స్ మౌంటు కింద పలకలు పెట్టి తోక లేపితే 4.5 కాస్తా 3.0కి వచ్చింది. అంతకన్నా లేపితే తోక క్యాబిన్ నేలకి తగులుతుంది. ఆర్ములకీ హౌసింగ్‌కీ మధ్య వెడ్జ్ పలకలు వేసి పినియన్ ముక్కు పైకెత్తాను. 106 దగ్గరి అదురు సగానికి పైగా పడిపోయింది. ఓనరు అక్కడితో చాలన్నాడు.

నాకు చాల్లేదు. షాఫ్ట్ దించి చూస్తే ట్యూబు చుట్టూ బొటనవేలు వెడల్పున మెరుస్తున్న పట్టీ. పెయింటు గీక్కుపోయి, లోహం అద్దంలా పాలిష్ అయ్యింది. ట్రెయిలింగ్ ఆర్ములు బిగించే క్రాస్‌మెంబర్ మధ్యలో షాఫ్ట్ దూరే కంత ఒకటి ఉంటుంది. రెండు ముక్కల షాఫ్ట్‌కి సెంటర్ బేరింగ్ కూర్చునేది అక్కడే. ఒకే ముక్క వేస్తే ట్యూబు నడుము ఆ కంతలో పైకీ కిందికీ ఊగుతుంది. గుంతలో పడి హౌసింగ్ కిందికి జారినప్పుడల్లా ట్యూబు కంత అంచుకి రాసుకుంటోంది. ఆ గీత పడిన చోట ట్యూబు గోడ పలచబడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకోటి కూడా దొరికింది. స్లిప్ యోక్‌ని (గేర్‌బాక్స్‌లో లోపలికీ బయటికీ జారే షాఫ్ట్ ముందు కొసని) గేర్‌బాక్స్‌లోకి పూర్తిగా నెట్టి చూస్తే, బండి చక్రాల మీద ఉన్నప్పుడు మిగిలిన ఖాళీ 6 మిల్లీమీటర్లే. 20 నుంచి 25 ఉండాలి. బండిని లిఫ్ట్ మీద వేలాడదీసి కొలిచారని అర్థమైంది. దించిన ఈ బండిలో హౌసింగ్ కిందికి వేలాడితే కాస్త వెనక్కి పోతుంది, ఆ పొడవుకే ట్యూబు కోశారు. పెద్ద గుంతలో యోక్ లోపల అడుక్కి తగిలితే ఆ దెబ్బ గేర్‌బాక్స్‌కే.

అప్పుడు నా ముందున్న దారులు చూస్తే, 4 అంగుళాల ట్యూబు వేస్తే క్రిటికల్ స్పీడ్ దూరం జరుగుతుంది కానీ కంతలో అసలు పట్టదు. కంత పెద్దది చేద్దామా అంటే అది ఆర్ముల బరువు మోసే క్రాస్‌మెంబర్, నేను కోయను. “అల్యూమినియం వేద్దాం, తేలిక కదా” అన్నాడు ఓనరు. తేలికే, కానీ క్రిటికల్ స్పీడ్‌ని నిర్ణయించేది బిగువుకీ బరువుకీ ఉన్న నిష్పత్తి, ఆ నిష్పత్తి స్టీల్‌కీ అల్యూమినియానికీ దాదాపు ఒకటే. అదే వ్యాసం, అదే పొడవు అయితే అల్యూమినియం ట్యూబు కూడా అదే వేగంలో ఉబ్బుతుంది. దాంతో లాభం, బరువు పెరగకుండా లావు ట్యూబు వేసుకోవచ్చు. ఇక్కడ లావుకే చోటు లేదు. కార్బన్ ఫైబర్ నిజంగానే ఆ నిష్పత్తిని మారుస్తుంది, కానీ అంచుకి రాసుకునే చోట ఆ ట్యూబు పెట్టడం అంటే నాకు ధైర్యం చాలదు.

మిగిలింది ఫ్యాక్టరీ దారే. రెండు ముక్కలు. ముందు ముక్క 640, వెనక ముక్క 935 మిల్లీమీటర్లు. వెనక ముక్కకి 3 అంగుళాల ట్యూబు చాలు, దాని క్రిటికల్ స్పీడ్ 14 వేల పైన. ఆ విషయం ఇక మరిచిపోవచ్చు. సెంటర్ బేరింగ్ బోల్టుల రంధ్రాలు క్రాస్‌మెంబర్ మీద అలాగే ఉన్నాయి, తుప్పు గీకితే బయటపడ్డాయి.

క్రాస్ సైజు విషయం. 1330, 1350 అనేవి క్రాస్ సైజుల పేర్లు, 1350 లావు. “ఇంత ఇంజన్‌కి 1350 వేయండి” అని అందరూ సలహా ఇస్తారు. లెక్క చూద్దాం. ఖాళీ పికప్‌కి వెనక బరువు తక్కువ. బయల్దేరేటప్పుడు వెనక చక్రాల మీద 850 కిలోలు పడిందనుకున్నా, పొడి రోడ్డు మీద టైరు జారిపోయే లోపు షాఫ్ట్ మీద పడే టార్క్ 700 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లోనే. ఇంజన్, ఫస్ట్ గేర్ 3.06, కన్వర్టర్ కలిపి అంతకు మూడింతలు పైనే ఇవ్వగలవు, కానీ టైరు ముందే చేతులెత్తేస్తుంది. పినియన్ యోక్‌లో ఉన్నది 1330. దాన్నే ఉంచాను. పట్టు ఎక్కువున్న స్లిక్ టైర్లు వేసి డ్రాగ్ రేసుకి తీసుకెళ్ళే బండి అయితే నా జవాబు వేరే.

కొలత విషయంలో ఒక మాట. 1330, 1350 క్రాసులు రెండింటి వెడల్పూ 92.1 మిల్లీమీటర్లే. తేడా కప్పు వ్యాసంలో: 27.0, 30.2. వెడల్పు ఒక్కటే కొలిచి ఫోన్లో చెప్తే తప్పు క్రాస్ వస్తుంది. ఈ బండికి హౌసింగ్ ఎప్పుడో ఎవరో మార్చినట్టుంది కూడా, అందుకే కేటలాగు పక్కన పెట్టి వెర్నియర్‌తో రెండూ కొలిచాను. గేర్‌బాక్స్ వైపు యోక్ 27 స్ప్లైన్లది (లోపలి పళ్ళు), అది టర్బో 350కీ 4ఎల్60ఈకీ ఒకటే. పాత యోక్ బయటి ముఖం గీతల్లేకుండా ఉంది, అది మిగిలింది.

షాఫ్ట్ బ్యాలెన్స్ అయి వచ్చింది, జి16 అనే బ్యాలెన్స్ నాణ్యత స్థాయికి చేయించాను. బిగించాం. కోణాలు ఇలా కుదిరాయి: గేర్‌బాక్స్ 3.0, ముందు ముక్క 2.4, వెనక ముక్క 1.1, పినియన్ 2.4. మొదటి క్రాస్‌కి 0.6, మిగతా రెండింటికీ 1.3. రెండు ముక్కల షాఫ్ట్‌లో మొదటి క్రాస్ అల్లరిని మాపేవాళ్ళు ఎవరూ ఉండరు, కాబట్టి దాన్ని వీలైనంత తక్కువలో ఉంచాలి. అలాగని సున్నా పనికిరాదు. సున్నాలో సూది బేరింగులు దొర్లకుండా ఒకేచోట నిలబడి క్రాస్ మీద గాట్లు పెడతాయి. అర డిగ్రీ ఉంటే అవి కదులుతూ ఉంటాయి.

ట్రయల్‌కి తీసుకెళ్ళాను. 80 దగ్గరే గడగడ! మొదటికన్నా ఘోరం.

తప్పు నాదే. వెనక ముక్క ముందు కొసన 16 పళ్ళ స్లిప్ స్ప్లైన్ ఉంటుంది. గ్రీజు పట్టించడానికి విప్పి, మళ్ళీ దూర్చేటప్పుడు ఒక పన్ను తేడాగా దూర్చాను. ఒక పన్నంటే 22.5 డిగ్రీలు. రెండు కొసల యోక్‌లు ఒకే వరసలో లేకపోతే, కోణాలు ఎంత సమానంగా ఉన్నా ఒకదాని అల్లరి ఇంకోటి మాపదు. విప్పేముందు పెయింట్ పెన్‌తో గీత పెట్టమని మా కుర్రాళ్ళకి రోజూ చెప్పేది నేనే. ఆ రోజు పెన్ జేబులోనే ఉంది. వాళ్ళు ఏమీ అనలేదు, అదే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

సరిచేశాక మళ్ళీ సెన్సర్ పెట్టి 90 నుంచి 130 దాకా నడిపాను. 98 హెర్ట్జ్ గీత రోడ్డు మోతలో కలిసిపోయింది. 49 దగ్గరి మొలక అలాగే ఉంది, సీట్లో తెలియదు.

వెనక 350 కిలోలు వేసి కూడా చూశాను, పికప్ కదా. బాడీ 40 మిల్లీమీటర్లు దిగింది. రెండో క్రాస్ 3.7కి పోయింది, మూడోది 1.9 దగ్గర ఆగింది. వెనక ముక్క ఊగే కీలు ఆర్ముల కీలుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి పినియన్ దగ్గరి కోణం పెద్దగా మారదు, మార్పులో ఎక్కువ భాగం సెంటర్ బేరింగ్ దగ్గరి క్రాసే మోస్తుంది. బరువుతో 90 దగ్గర నేలలో చిన్న అదురు తెలుస్తుంది. ఖాళీకి కుదిరిస్తే లోడుకి కుదరదు, లోడుకి కుదిరిస్తే ఖాళీకి కుదరదు. ఆయన బండి పదిలో తొమ్మిదిసార్లు ఖాళీగానే తిరుగుతుందని అడిగి తెలుసుకుని ఖాళీకే ఉంచాను. లోడు వేసినప్పుడు 80 దాటొద్దని చెప్పాను.

వెయ్యి కిలోమీటర్ల తర్వాత రమ్మన్నాను, వచ్చాడు. సెంటర్ బేరింగ్ బోల్టులు సడలలేదు, రబ్బరు మధ్యలోనే కూర్చుంది. స్లిప్ స్ప్లైన్ మీద గ్రీజు తుడిచి చూస్తే హౌసింగ్ పైకీ కిందికీ ఊగినంత మేర మెరుపు పట్టీ పడింది. దాని రెండు చివర్లకీ స్కేలు పెట్టి కొలిచాను: 31 మిల్లీమీటర్లు. లోపలి అడుగుకి ఇంకా 14 ఖాళీ. మెరుపు చివర పెయింట్ పెన్‌తో ఒక గీత, యోక్ వరస మీద ఇంకో గీత పెట్టి బూట్ (స్ప్లైన్ మీది తొడుగు) ఎక్కించేశాను.